సునాముఖి మూటలో తంగేడాకు ఉంటే ల్యాబ్‌లో ఎలా పట్టుకోవాలి

విరేచనం మందుగా వాడే సునాముఖి ఆకు మూటలు దిగగానే చాలా ల్యాబ్‌ల్లో మొదట జరిగేది బోర్న్‌ట్రేగర్ పరీక్ష. అమోనియా పొరలో గులాబీ రంగు తేలుతుంది, రిజిస్టర్‌లో సరిపోయిందని రాస్తారు, సరుకు గోడౌన్‌లోకి పోతుంది. ఆ రంగు చెప్పేది ఒక్కటే: ఈ గొట్టంలో ఆంత్రాక్వినోన్లు (సునాముఖి లాంటి ఆకుల్లో ఉండే రసాయనాలు) ఉన్నాయి. మూడో వంతు తంగేడాకు కలిపిన సరుకు కూడా అదే గులాబీ రంగు ఇస్తుంది, ఎందుకంటే మిగతా రెండు వంతుల సునాముఖే ఆ రంగుకు సరిపోతుంది. ఆకు సరుకును పరీక్షించేటప్పుడు సునాముఖి ఉందా అని అడిగి ఆగిపోతే కల్తీ దొరకదు. సునాముఖి కానిది ఇందులో ఏముంది అనేదే అసలు ప్రశ్న. కింద రాసే ప్రతి పరీక్షనూ ఆ ప్రశ్నతోనే చూస్తున్నాను.

తంగేడే ఎందుకు కలుస్తుంది? రెండూ దగ్గరి చుట్టాలు. సునాముఖి పాత శాస్త్రీయ నామం కాసియా అంగుస్టిఫోలియా, ఇప్పటి పేరు సెన్నా అలెగ్జాండ్రినా. తంగేడు కాసియా ఆరిక్యులేటా, ఇప్పుడు సెన్నా ఆరిక్యులేటా. సునాముఖి ప్రధానంగా తమిళనాడులో తిరునల్వేలి, తూత్తుకుడి వైపు సాగు చేసి కోసే పంట. ఎగుమతి వ్యాపారంలో దాని పేరే టిన్నెవెల్లీ సెన్నా. తంగేడు మన బతుకమ్మ పువ్వు, తెలంగాణ రాష్ట్ర పుష్పం, సాగు ఖర్చు లేకుండా బీడు భూముల్లో, రోడ్ల పక్కన దొరికే పొద. ఎండి నలిగాక రెండు ఆకులూ పసుపుపచ్చ తుక్కే. పైగా సునాముఖిని తెలుగులో నేలతంగేడు అనీ అంటారు కాబట్టి కొనుగోలు ఆర్డరులో శాస్త్రీయ నామం, ఏ భాగం కావాలో రెండూ రాయకపోతే తగువు అక్కడే మొదలవుతుంది. తంగేడాకు విషం కాదు. కానీ విరేచనం చేయించే సెన్నోసైడ్లు అందులో లేవు. కొలిచి ఇచ్చే మందులో మూడో వంతు పని చేయని ఆకు ఉంటే ఆ మోతాదుకు అర్థం లేదు.

నమూనా తీయడంలోనే సగం ఫలితం

ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం మూటలు 5 లేదా అంతకంటే తక్కువైతే అన్నిటినుంచీ నమూనా తీయాలి. 6 నుంచి 50 వరకు ఉంటే ఐదింటినుంచి, 50 దాటితే పది శాతం మూటలనుంచి, పైనున్న పదికి సవరించి తీయాలి. 51 మూటలుంటే 60గా లెక్కించి ఆరింటిని విప్పాలి. విప్పిన ప్రతి మూటలో పై భాగం, మధ్య, అడుగు, మూడు చోట్లా చెయ్యి పెట్టాలి. పైన మంచి ఆకు పరిచి అడుగున నాసి ఆకు నింపడం పాత ఎత్తు. ఎవరూ ఏమీ కలపకపోయినా రవాణాలో ఇసుక, పొడి, చిన్న ముక్కలు అడుక్కి దిగుతాయి, కాబట్టి అడుగు భాగం బూడిద విలువ (ఆకును కాల్చితే మిగిలే బూడిద శాతం) పై భాగానిదానికంటే ఎక్కువే వస్తుంది.

తీసినదంతా కలిపి చదరంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకుని, మళ్లీ కలిపి, అలా కావలసిన పరిమాణం వచ్చేవరకు తగ్గించాలి. పరాయి పదార్థం ఏరడానికి ఆకు 250 గ్రాములు కావాలి, ముక్కలు కొట్టిన సరుకైతే 50 గ్రాములు చాలు. పైపైన గుప్పెడు తీసి దాన్నే చేసిన పరీక్ష ఎంత ఖరీదైన యంత్రం మీద చేసినా ఆ గుప్పెడు గురించే చెబుతుంది.

కంటితో, చేతి లెన్స్‌తో

250 గ్రాములను తెల్ల కాగితం మీద పలుచగా పరిచి ఏరాలి. టిన్నెవెల్లీ సునాముఖి పత్రకం (ఆకులోని ఒక్కో చిన్న రెక్క) బల్లెం ఆకారంలో, సుమారు 2.5 నుంచి 5 సెంటీమీటర్ల పొడవు, 7 నుంచి 9 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. కొన కోసుగా ఉండి చివర చిన్న ముల్లు ఉంటుంది. అడుగున రెండు అంచులూ ఈనెకు ఒకే ఎత్తులో కలవవు, కొంచెం ఒంకర. బేళ్లలో నొక్కి కడతారు కాబట్టి ఆకు మీద అడ్డంగా, ఏటవాలుగా నొక్కుడు గీతలు కనిపిస్తాయి.

తంగేడు పత్రకం పొట్టి, వెడల్పు ఎక్కువ: సుమారు 2 నుంచి 2.5 సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు దాటిన వెడల్పు. కొన గుండ్రంగా మొద్దుబారి ఉంటుంది. ఆ మొద్దు కొనకు కూడా చిన్న మొన ఉంటుంది కనుక మొన ఉందా లేదా అని చూస్తే మోసపోతాం, మొనకు ముందు ఆకు ఎలా ముగిసిందో చూడాలి. వీటికంటే గట్టి ఆధారం ఆకు కాడ. తంగేడు ఆకులో జత జతకూ మధ్య కాడ మీద సన్నటి గ్రంథి నిలబడి ఉంటుంది, సునాముఖి కాడ మీద గ్రంథులుండవు. తంగేడు కాడ మొదట్లో చెవి ఆకారపు పెద్ద పత్రపుచ్ఛాలు (ఆకుల్లాంటి రెక్కలు) కూడా ఉంటాయి. అందుకే ఏరేటప్పుడు కాడ ముక్కలను చెత్త కింద పారేయకూడదు. పత్రకాలు నలిగి గుర్తుపట్టలేని సరుకులో ఒక్క గ్రంథి ఉన్న కాడ ముక్క దొరికితే చాలు, తర్వాత ఏం వెతకాలో తెలిసిపోతుంది. కాయ ముక్కలు కూడా పక్కన పెట్టాలి. సునాముఖి కాయ వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటుంది. తంగేడు కాయ పొడవు, సన్నం, గింజలు చాలా ఎక్కువ.

సూక్ష్మదర్శిని కింద

సరుకు పొడిగా వచ్చినప్పుడు పై గుర్తులేవీ మిగలవు. అప్పుడు సూక్ష్మదర్శినిని మించిన తోడు లేదు. అన్ని పద్ధతుల్లోకీ తక్కువ ఖర్చుతో ఎక్కువ నిజం చెప్పేది ఇదేనని నా నమ్మకం. పొడిని 355 మైక్రాన్ల జల్లెడ పట్టాలి. జల్లెడ పైన మిగిలిన ముతక భాగాన్ని పారేయకుండా మళ్లీ నూరి అదే జల్లెడలో దించాలి. గట్టి ఈనెలు, కాడలు అందులోనే ఉంటాయి, అది పారేస్తే ఆధారం పారేసినట్టే.

ఒకే స్లైడుతో పని అవ్వదు, కనీసం మూడు కావాలి. మొదటిది ఉత్త నీటిలో: పిండి రేణువులున్నాయేమో చూడటానికి, ఎందుకంటే క్లోరల్ హైడ్రేట్‌లో వేడిచేస్తే పిండి ఉబ్బి మాయమవుతుంది. రెండోది ముక్కను పారదర్శకం చేసే క్లోరల్ హైడ్రేట్‌లో. 20 మిల్లీలీటర్ల నీటిలో 50 గ్రాములు కరిగించిన ద్రావణం రెండు చుక్కలు, అందులో సూది మొన మీద నిలిచేంత పొడి, పైన కవర్ గ్లాసు. సన్నటి మంట మీద బుడగలు వచ్చేదాకా వేడిచేసి తీసి, మళ్లీ చుక్క వేసి, మళ్లీ వేడిచేయాలి. పచ్చదనం పోయి ముక్క గాజులా అయ్యేదాకా ఇలా చేయాలి. ఒకేసారి గట్టిగా మరిగిస్తే ద్రవం చిమ్మి పొడి కవర్ గ్లాసు అంచులకు పోతుంది. చల్లారాక ఒక చుక్క గ్లిజరిన్ అంచునుంచి పంపాలి. అది మరిచిపోతే కాసేపటికి క్లోరల్ హైడ్రేట్ తానే సూదుల్లా గడ్డకడుతుంది, కొత్తవాళ్లు ఆ సూదులను ఆకులోని స్ఫటికాలుగా రాసేస్తారు.

మూడో స్లైడు లిగ్నిన్ (కణాల గోడలను గట్టిపరిచే పదార్థం) కోసం. ఆల్కహాల్‌లో కరిగించిన ఒక శాతం ఫ్లోరోగ్లూసినాల్ వేసి, దాదాపు ఆరిపోనిచ్చి, తర్వాత గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేయాలి. నారలు, దారునాళాలు ఎర్రబడతాయి. ఈ స్లైడులో స్ఫటికాలు వెతక్కూడదు. కాల్షియం ఆగ్జలేట్ ఆ ఆమ్లంలో కరిగిపోతుంది, లేవని రాస్తే తప్పు రాసినట్టే.

సునాముఖిలో కనిపించాల్సినవి ఇవి. ఆకు రెండు ముఖాల్లోనూ పత్రరంధ్రాలు, ఒక్కొక్కదానికీ సాధారణంగా రంధ్రానికి సమాంతరంగా రెండు సహకణాలు. కొన్నింటికి మూడోది కూడా ఉంటుంది. పై ముఖం కిందా, అడుగు ముఖం కిందా స్తంభ కణజాలం (నిలువుగా వరసకట్టిన కణాల పొర) ఉండటం ఈ ఆకు ప్రత్యేకత, అడ్డుకోత ముక్క దొరికితే తేలిగ్గా కనిపిస్తుంది. కేశాలు ఏకకణమైనవి, శంఖాకారం, మందమైన గోడ, గోడ మీద సన్నటి బొడిపెలు, పొడవు సుమారు 260 మైక్రాన్ల వరకు. మొదట్లో వంగి ఆకు మీదికి వాలి ఉంటాయి. రాలిపోయిన కేశం చోట గుండ్రటి మచ్చ, దాని చుట్టూ చక్రంలా కణాలు మిగులుతాయి, పొడిలో కేశాల కంటే ఈ మచ్చలే ముందు కంటబడతాయి. ఈనెల వెంట నారల కట్టలు, వాటిని తొడుగులా అంటుకుని వరసగా పట్టకం ఆకారపు కాల్షియం ఆగ్జలేట్ స్ఫటికాలు. ఆకు మధ్య కణజాలంలో అవే గుత్తులుగా. బాహ్యచర్మ కణాలు కొన్నింట్లో జిగురు ఉంటుంది, రుథీనియం రెడ్ వేస్తే గులాబీగా తేలుతుంది.

ఇవన్నీ కనిపించాయంటే సునాముఖి ఉందన్నమాట. పని అక్కడితో అయిపోలేదు. ఇప్పుడు అదే స్లైడును అంచునుంచి అంచుదాకా వరసలుగా జరుపుతూ ఈ జాబితాలో ఇమడని ముక్క కోసం వెతకాలి. తంగేడు కేశాలు ఎక్కువ, పొడవు. ఇంకో సాయం కూడా ఉంది: క్లోరల్ హైడ్రేట్‌లో మరిగినప్పుడు తంగేడు ముక్కలు ముదురు ఎరుపుకు తిరుగుతాయి. పచ్చదనం పోతూ పారదర్శకం కావాల్సిన పొడిలో కొన్ని ముక్కలు ఎర్రగా నిలబడితే, అవి ఏమిటో తేల్చకుండా ముందుకు పోకూడదు. రెండు కణాలో మూడు కణాలో ఉన్న కేశాలు కనిపిస్తే అది ఈ ప్రజాతే కాదు. పాత రోజుల్లో ఈజిప్టు నుంచి వచ్చే సరుకులో కలిసిన ఆర్గెల్ ఆకుకు అలాంటి కేశాలుంటాయి. అడుగు ముఖం కణాలు బొడిపెల్లా పొడుచుకొస్తే కాసియా ఒబోవేటా అనే ఇంకో చుట్టాన్ని అనుమానించాలి. దాని పత్రకం కొన వైపు వెడల్పుగా, తలకిందుల గుడ్డు ఆకారంలో ఉంటుంది.

లెక్కలతో తేల్చేవి

చదరపు మిల్లీమీటరుకు ఎన్ని పత్రరంధ్రాలున్నాయో లెక్కపెట్టడం గుర్తింపుకు పనికిరాదు. లేత ఆకులో ఒకలా, ముదురాకులో ఇంకోలా వస్తుంది. పత్రరంధ్ర సూచిక మాత్రం నిలకడైనది. రంధ్రాల సంఖ్యను, రంధ్రాలూ బాహ్యచర్మ కణాలూ కలిపిన మొత్తంతో భాగించి వందతో గుణించాలి. ఒక క్షేత్రంలో 18 రంధ్రాలు, 82 కణాలు ఉంటే సూచిక 18. గీత మీద పడ్డ కణం సగానికి పైగా లోపలుంటేనే లెక్కలోకి వస్తుంది, కేశం మొదలును కూడా ఒక కణంగా లెక్కించాలి. టిన్నెవెల్లీ ఆకుకు ఇది సుమారు 17 నుంచి 20, వ్యాపారంలోని రెండో రకం సునాముఖి అయిన అలెగ్జాండ్రియా ఆకుకు 11 నుంచి 13.

ఈనెల మధ్య గళ్ల సంఖ్యకు పొడి సరిపోదు, ఆకు ముక్క కావాలి. మధ్య ఈనెకూ అంచుకూ నడుమ చోటునుంచి ముక్క కోసి, క్లోరల్ హైడ్రేట్‌తో పాటు పరీక్షనాళికలో వేసి మరిగే నీటిలో ఉంచి శుభ్రం చేసి, కామెరా లూసిడాతో (సూక్ష్మదర్శినిలో కనిపించేదాన్ని కాగితం మీద గీసుకునే అద్దాల అమరికతో) గానీ స్క్రీన్ మీద గానీ ఒకదాన్నొకటి ఆనుకున్న నాలుగు చదరపు మిల్లీమీటర్లు గీయాలి. రెండు పక్కల మీద తెగిన గళ్లను కలుపుకుని, మిగతా రెండు పక్కల మీదివి వదిలేయాలి. టిన్నెవెల్లీకి చదరపు మిల్లీమీటరుకు 19.5 నుంచి 22.5, అలెగ్జాండ్రియాకు 25 నుంచి 29.5. స్టేజ్ మైక్రోమీటర్‌తో (సూక్ష్మ గీతలున్న కొలత స్లైడుతో) కొలత సరిచూడకుండా ఈ అంకెలు రాయకూడదు. కామెరా మార్చినా, ట్యూబ్ ఎత్తు మారినా పాత కొలత చెల్లదు. వృక్షశాస్త్రజ్ఞులు ఇప్పుడు ఈ రెండు రకాలనూ ఒకే జాతిగా చూస్తున్నారు. కనుక ఈ అంకెలు చీటీ మీది వ్యాపార పేరును సరిచూడటానికే ఎక్కువ పనికొస్తాయి.

ఆమ్లం చుక్క

తంగేడుకు నేరుగా గురిపెట్టిన పరీక్ష 80 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం. తెల్ల పింగాణీ పలక మీద పొడిని పలుచగా చల్లి చుక్క వేయాలి. తంగేడు ముక్కలు ముదురు ఎరుపెక్కుతాయి. ఆమ్లం తయారుచేసేటప్పుడు మంచులో పెట్టిన నీటిలోకి గాఢామ్లాన్ని కొంచెం కొంచెంగా, కలుపుతూ పోయాలి. ఆమ్లంలోకి నీళ్లు పోయడం ఎప్పుడూ చేయకూడదు. ఇక్కడ జరిగే తప్పులు రెండు. ఒకటి ఆలస్యం: కాసేపు వదిలేస్తే ఏ ఆకైనా ఈ ఆమ్లంలో మాడి గోధుమ నలుపుకు పోతుంది, ఎరుపు అందులో మునిగిపోతుంది. రెండోది పోల్చి చూసుకునే నమూనా లేకపోవడం. పక్కన అసలు సునాముఖి పొడి ఒక మచ్చ, అసలు తంగేడు పొడి ఇంకో మచ్చ పెట్టుకుని మూడింటి మీదా ఒకేసారి చుక్క వేయాలి. ఆంత్రాక్వినోన్లు కూడా గాఢామ్లంలో రంగు ఇవ్వగలవు కాబట్టి జ్ఞాపకం మీద ఆధారపడి ఎరుపని రాయకూడదు. అసలు సునాముఖిలో ఒక శాతం, ఐదు శాతం, పది శాతం తంగేడు తూచి కలిపిన పొడులు సిద్ధంగా ఉంచుకుంటే, లెన్స్ కింద ఎర్ర ముక్కల సాంద్రత పోల్చి కల్తీ ఏ స్థాయిలో ఉందో ఆ రోజే చెప్పొచ్చు.

రసాయన పరీక్షలు

బోర్న్‌ట్రేగర్ పరీక్షను మొదట తక్కువచేసి మాట్లాడాను కాబట్టి దాన్ని సరిగా చేసే తీరు కూడా చెప్పాలి. సెన్నోసైడ్లు డైఆంత్రోన్ గ్లైకోసైడ్లు, అంటే జంట ఆంత్రోన్ భాగాలకు చక్కెర అంటుకున్న అణువులు. వాటిని ముందు ఆమ్లంతో విడగొట్టి, తర్వాత ఆక్సీకరణం చెందించాలి. అప్పుడే ఎర్ర రంగు. యూరోపియన్ ఫార్మకోపియా (యూరప్ ఔషధ ప్రమాణాల గ్రంథం) పద్ధతిలో 25 మిల్లీగ్రాముల పొడి, 50 మిల్లీలీటర్ల నీరు, 2 మిల్లీలీటర్ల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి నీటి తొట్టిలో 15 నిమిషాలు వేడిచేసి, చల్లార్చి, 40 మిల్లీలీటర్ల ఈథర్‌తో కుదుపుతారు. ఈథర్ పొరను నీరులేని సోడియం సల్ఫేట్‌తో ఆరబెట్టి వడకట్టి, 5 మిల్లీలీటర్లు ఆవిరి చేసి, మిగిలినదానికి సజల అమోనియా కలుపుతారు. మొదట పసుపో నారింజో మాత్రమే వస్తుంది. నీటి తొట్టిలో రెండు నిమిషాలు వేడిచేశాకే ఎరుపు ఊదా. ఆ రెండు నిమిషాలు ఆగకుండా రాలేదని రాసిన రిపోర్టుల వల్ల మంచి సరుకు వెనక్కి పోతుంది. ఈథర్ చల్లారని ద్రవంలో పోస్తే ఎగదన్నుతుంది, చుట్టుపక్కల మంట ఉండకూడదు.

టీఎల్‌సీకి, అంటే పలుచటి పొర మీద పదార్థాలను విడదీసే క్రొమటోగ్రఫీకి, అర గ్రాము పొడిని ఆల్కహాల్, నీరు సమపాళ్లలో కలిపిన 5 మిల్లీలీటర్లలో మరిగించి, సెంట్రిఫ్యూజ్ చేసి, పై ద్రవాన్ని సిలికా జెల్ ప్లేటు మీద చారగా పెట్టాలి. నడిపే ద్రావణం గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం 1, నీరు 30, ఇథైల్ ఎసిటేట్ 40, ప్రొపనాల్ 40 పాళ్లు. ఆరాక 20 శాతం నైట్రిక్ ఆమ్లం చల్లి 120 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచి, చల్లార్చి, ఆల్కహాల్ కలిపిన పొటాషియం హైడ్రాక్సైడ్ చల్లాలి. కిందనుంచి పైకి సెన్నోసైడ్ బీ, ఏ, డీ, సీ వరసగా తేలుతాయి. చల్లడాలన్నీ ఫ్యూమ్ హుడ్ లోపలే. ఇక్కడ కూడా అదే ప్రశ్న: తంగేడు చారలో సెన్నోసైడ్ పట్టీలు రావు, కల్తీ చారలో వస్తాయి. కాబట్టి రంగులు చల్లకముందే ప్లేటును అతినీలలోహిత కాంతిలో చూసి, పక్కన పెట్టిన అసలు తంగేడు చారలో ఉన్న పట్టీ ఏదైనా నమూనాలో కూడా ఉందేమో వెతకాలి. ఆ చారకు చోటు ఉంచని ప్లేటు సగం ప్లేటే.

జాతి సరైనదే అయినా సరుకు చెడ్డది కావచ్చు. సారం ఒకసారి తీసేసి ఆరబెట్టిన ఆకు సూక్ష్మదర్శిని కింద పూర్తిగా సునాముఖే. దాన్ని పట్టేది నీటిలో కరిగే సారం విలువ. 5 గ్రాముల పొడిని 100 మిల్లీలీటర్ల క్లోరోఫాం నీటిలో 24 గంటలు ఉంచాలి, మొదటి ఆరు గంటలూ మాటిమాటికీ కుదపాలి. వడకట్టి 25 మిల్లీలీటర్లు ఆవిరి చేసి, 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూచాలి. వచ్చిన గ్రాములను 80తో గుణిస్తే శాతం. కుదపకుండా వదిలేస్తే జిగురు పొడిని ముద్దకట్టించి మంచి ఆకుకే తక్కువ విలువ చూపిస్తుంది. ఇసుకను పట్టేది ఆమ్లంలో కరగని బూడిద. యూరోపియన్ ఫార్మకోపియా మొత్తం బూడిదకు 12 శాతం, ఆమ్లంలో కరగనిదానికి 2.5 శాతం హద్దు పెట్టింది.

డీఎన్‌ఏ దగ్గర

డీఎన్‌ఏ బార్‌కోడింగ్‌తో (డీఎన్‌ఏలోని చిన్న భాగం చదివి జాతిని గుర్తించడంతో) తంగేడును, సునాముఖిని విడదీయడం కష్టమేమీ కాదు. కష్టమంతా ఎండాకు నుంచి శుభ్రమైన డీఎన్‌ఏ తీయడంలో ఉంది. సునాముఖి జిగురు, తంగేడు టానిన్లు రెండూ డీఎన్‌ఏతో పాటే దిగుతాయి. డీఎన్‌ఏ తీసే సీటీఏబీ బఫర్‌లో టానిన్లను పట్టుకునే పీవీపీ కలపడం, ఉప్పు గాఢత ఎక్కువగా ఉంచడం ఇందుకే. శుద్ధిని చూపే కాంతి శోషణలో, 260 నానోమీటర్ల దగ్గరి విలువను 280 దగ్గరి విలువతో భాగించిన 260కి 280 నిష్పత్తి 1.8 దగ్గరుందని సంతోషపడకుండా 260కి 230 నిష్పత్తి కూడా చూడాలి. అది తక్కువుంటే పాలీశాకరైడ్లు (జిగురులోని చక్కెర గొలుసులు) మిగిలాయని అర్థం, డీఎన్‌ఏను లెక్కలేనన్ని ప్రతులుగా పెంచే పీసీఆర్ నడవకపోవచ్చు. అప్పుడు డీఎన్‌ఏను పది రెట్లు పలుచన చేసి మళ్లీ పెడితే చాలాసార్లు నడుస్తుంది. బూజు తగిలిన ఆకులో ఐటీఎస్ ప్రైమర్లు (ఐటీఎస్ అనే డీఎన్‌ఏ భాగాన్ని పెంచే చిన్న ముక్కలు) బూజు డీఎన్‌ఏనే పెంచి చూపించే ప్రమాదం కూడా ఉంది.

మిశ్రమాల విషయంలో ఇంకో జాగ్రత్త. సాంగర్ సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ అక్షరాలు చదివే పాత పద్ధతి) పొడిలో ఎక్కువగా ఉన్న జాతినే చదువుతుంది, తక్కువ ఉన్నది శిఖరాల అడుగున మసకగా మిగిలిపోతుంది. పొడిలో కల్తీ వెతకాలంటే మెటాబార్‌కోడింగ్ (మిశ్రమంలోని అన్ని జాతులనూ ఒకేసారి చదవడం) గానీ, తంగేడుకే అతికే ప్రత్యేక ప్రైమర్లు గానీ కావాలి. అది ఆకో కాడో కూడా డీఎన్‌ఏ చెప్పదు. సారం తీసేసిన ఆకును కూడా సునాముఖే అంటుంది.

ఈ పద్ధతులన్నిటికీ కింద ఉండాల్సింది అసలు నమూనా. మార్కెట్లో కొన్న పొడిని ప్రామాణికంగా పెట్టుకుంటే దానిలోని కల్తీనే ప్రామాణికం చేసుకున్నట్టు. పువ్వు, కాయ ఉన్న కొమ్మను మొక్కనుంచి కోసి, హెర్బేరియం షీటు చేసి, హైదరాబాద్‌లోని భారత వృక్షశాస్త్ర సర్వే దక్కన్ ప్రాంతీయ కేంద్రం లాంటి చోట గుర్తింపు చేయించి, అదే మొక్క ఆకును నీడన ఆరబెట్టి గాలి చొరని సీసాలో చీకట్లో పెట్టుకోవాలి. సునాముఖికి ఒకటి, తంగేడుకు ఒకటి, ఇంకో రెండు దగ్గరి చుట్టాలైన తగిరిసకు, కసిందకు ఒక్కొక్కటి. సీసా మీద షీటు నంబరు, కోసిన చోటు, తేదీ ఉండాలి. సునాముఖి సీసాను ఏటా ఒకసారి టీఎల్‌సీ చేసి, సెన్నోసైడ్ పట్టీలు పలుచబడితే కొత్త ఆకు తెచ్చి మార్చాలి.